కోళ్ళ వరస, మనుషుల వరస

మా కాలేజీ స్టాఫ్ రూములో కిందటేడు ఒక మధ్యాహ్నం కులం మీద వాదన వచ్చింది. వాదన కొత్తదేమీ కాదు. కొత్తగా వచ్చింది కోడి ఒక్కటే. నాకన్నా పదేళ్ళు పెద్దవారైన ఒక సహాధ్యాపకులు, మంచి చదువరి, నా మాట పూర్తి కానివ్వకుండా, “మాస్టారూ, మీరు ఎన్ని చెప్పినా ఎక్కువ తక్కువలు ప్రకృతిలోనే ఉన్నాయండీ. పది కోళ్ళను ఒక పెరట్లో వదలండి. ఎవరు ఎవర్ని పొడవాలో నాలుగు రోజుల్లో అవే తేల్చుకుంటాయి. వాటికి మనువు చెప్పాడా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గంట కొట్టారు, క్లాసులకు వెళ్ళిపోయాం.

నవ్వినందుకు తరవాత నాకు చిన్నతనంగా తోచింది. కోళ్ళ మధ్య పెరిగినవాణ్ణి అయి ఉండీ, ఆయన చెప్పిన దాంట్లో నిజమెంతో నేను ఎన్నడూ ఆలోచించలేదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఇదొక జబ్బు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు కోడిపందెం మీద గంటసేపు పాఠం చెప్పగలం. మన పెరట్లో పెట్ట ఎట్లా బతుకుతున్నదని అడిగితే తడుముకుంటాం. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు చెప్పటానికి ప్రయత్నిస్తాను. అయితే జవాబు వెతకబోయిన మీదట అది ఆయనకు ఎంత తగిలిందో నాకూ అంత తగిలింది. ఆ సంగతి కూడా దాచను.

ముందు ఆయన మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. కోళ్ళలో ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా మొదట రాసినవాడు థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె అనే నార్వే దేశస్థుడు. 1894లో పుట్టిన ఈయన చిన్నతనం నుంచే పెరటికోళ్ళను గమనిస్తూ పెరిగాడు. 1922లో జర్మన్ భాషలో అచ్చయిన ఆయన వ్యాసంతో ‘పొడిచే వరస’ అనే భావం లోకానికి తెలిసింది. మందలో పై పెట్ట మిగతా అన్నిటినీ పొడవవచ్చు, దాన్ని ఏదీ పొడవదు. రెండోది ఆ ఒక్కదాన్ని తప్ప అన్నిటినీ పొడవవచ్చు. అట్టడుగుది అన్నిటిచేతా పొడిపించుకుంటుంది. గింజల దగ్గరా, నీళ్ళ దగ్గరా, రాత్రి గూట్లో చోటు దగ్గరా ఇదే వరస. పుంజుల వరస వేరు, పెట్టల వరస వేరు.

మా అమ్మ ఆ వ్యాసం చదవలేదు. కాని బోడిమెడ పెట్ట ఉండగా చుక్కల పెట్ట నూకల దగ్గరికి రాదనీ, చుక్కలది తినేదాకా కుంటిపెట్ట దూరంగా నిలబడుతుందనీ ఆమెకు తెలుసు. అందుకని ఒక గుప్పెడు నూకలు కుంటిదానికోసం అరుగు పక్కన విడిగా చల్లేది.

ఇంతవరకూ మా సహాధ్యాపకులు గెలిచినట్టే. ఇక అడగవలసిన ప్రశ్న, ఈ వరస దేనిమీద నిలబడి ఉన్నది?

ఇది గుర్తుమీద నిలబడి ఉన్నది. ఒకసారి పోట్లాడుకున్న రెండు పెట్టలు మర్నాడు మళ్ళీ పోట్లాడుకోవు. ఎవరు గెలిచారో రెండిటికీ జ్ఞాపకం ఉంటుంది. ఓడినది తల వంచి పక్కకు తప్పుకుంటుంది, గెలిచినది ఒక చూపుతో సరిపెట్టుకుంటుంది. అంటే మందలో ప్రతి కోడికీ తక్కిన కోళ్ళు విడివిడిగా తెలిసి ఉండాలి. పది కోళ్ళున్న పెరట్లో ఇట్లాంటి జంటలు 45 ఉంటాయి. ఒక్కొక్క జంటదీ ఒక్కొక్క చరిత్ర. ఈ వరస ఎప్పుడూ నిచ్చెనలాగా కూడా ఉండదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పొడుస్తూ, ఆ మూడోదే మొదటిదాన్ని పొడిచే సందర్భాలు షెల్డెరప్ ఎబ్బెకే కనిపించాయి.

కోడి కోడిని ముఖ్యంగా తలను చూసి గుర్తుపడుతుంది. 1953లో అమెరికాలో గుల్, ఓర్ట్‌మన్ అనే పరిశోధకులు పెట్టల రూపాన్ని రకరకాలుగా మార్చి చూశారు. ఒంటిమీద చేసిన మార్పుల కన్నా తలకూ మెడకూ చేసిన మార్పులే తోటి కోళ్ళను ఎక్కువ తికమక పెట్టాయి. నిన్నటిదాకా తమతో కలిసి తిరిగిన పెట్టనే కొత్తదనుకొని అవి పొడిచాయి. తరవాతి పరిశోధనల్లో మరొక సంగతి తేలింది. ఒక కోడిని గుర్తుపట్టాలంటే ఇంకొక కోడి బాగా దగ్గరికి రావాలి. దాదాపు అడుగు దూరంలోకి వచ్చి, ఒకసారి ఈ కన్నుతో, ఒకసారి ఆ కన్నుతో, మరొకసారి రెండు కళ్ళతోనూ చూస్తుంది. అంతకన్నా బాగా దూరమైతే తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ వేరుచేసి చూడటం దానికి సాధ్యం కాదు. ఈ అడుగు దూరాన్ని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. దీనితో మళ్ళీ పని ఉన్నది.

ఇప్పుడు కులం సంగతి చూద్దాం. కులం మనిషి ముఖం చూడదు, చూడవలసిన అవసరాన్నే తీసేస్తుంది. రైలులో పక్కన కూచున్న కొత్తమనిషిని మనం ముందు ఊరు అడుగుతాం, ఆ తరవాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు తెలియగానే మన ముఖం విప్పారటమో ముడుచుకోవటమో జరుగుతుంది. ఆ మనిషి ఎట్లాంటివాడో, ఏం పని చేస్తాడో, ఎవరికి మేలు చేశాడో, ఎవర్ని దగా చేశాడో మనకు అక్కర్లేదు. మన మధ్య ఏ పోట్లాటా జరగలేదు, ఏ స్నేహమూ జరగలేదు. అయినా ఎవరు పైనో ఎవరు కిందో తేలిపోయింది. ఈ పని ఏ కోడికీ చాతకాదు.

కోళ్ళలో వంశపారంపర్యం కూడా లేదు. పై పెట్ట పొదిగిన పిల్లలకు తల్లి రెక్కకింద ఉన్నన్నాళ్ళే గౌరవం. కాస్త ఎదిగాక ఆ తల్లే పొడిచి తరిమేస్తుంది. అక్కడి నుంచి వాటి చోటు అవి సంపాదించుకోవలసిందే. పై పెట్ట జబ్బుపడితే దాని చోటు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. పై పెట్ట గింజలు ముందు తింటుంది గాని, కడుపు నిండాక గింజలకు కాపలా కాయదు. దానికి ధాన్యపు కొట్టు లేదు. కింది పెట్ట గుడ్డు పెట్టి తనకు తెచ్చి అప్పగించాలని అది శాసించదు. ఒకరి శ్రమను మరొకరు తరతరాలుగా తింటూ, దానికి ధర్మమని పేరు పెట్టుకోవటం కొట్లూ కాగితాలూ ఉన్న మనుషుల్లోనే ఉన్నది. కోళ్ళకు మనువు చెప్పలేదన్నమాట నిజమే. చెప్పలేదు కనకనే వాటికి ఒకదాని ముఖం ఒకటి చూసుకోవలసి వచ్చింది.

అయితే నేను కోళ్ళను మనకు ఆదర్శంగా పెడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. అట్టడుగు పెట్ట వీపుమీద ఈకలు ఊడి చర్మం కనిపించటం నేను చూశాను. జబ్బుపడ్డదాన్ని తోటివి పొడిచి చంపటం చూశాను. ప్రకృతిని గురువుగా పెట్టుకున్నవాడు ఈ పాఠం కూడా నేర్చుకోవలసి వస్తుంది. నేను అనేదల్లా ప్రకృతిని సాక్ష్యానికి పిలిచేవాళ్ళు తమకు కావలసిన వాక్యం ఒక్కటే రాయించుకుంటున్నారని. పుంజుకు గింజ దొరికితే చాలాసార్లు తాను మింగకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టల్ని పిలుస్తుంది. పెట్టల మనసు గెలుచుకోవటానికే అట్లా చేస్తుందంటారు, కావచ్చు. ఆకాశంలో డేగ కనిపిస్తే ఒక అరుపు, నేలమీద కుక్క వస్తే వేరొక అరుపు అరుస్తుంది. వినే తోటి కోడి దగ్గర ఉన్నప్పుడు డేగ అరుపు ఎక్కువగా అరుస్తుంది. గుడ్డులో ఉండగానే పిల్ల చేసే కిచకిచకు పొదిగే తల్లి బదులు పలుకుతుంది. ఇవన్నీ కూడా ప్రకృతే కదా! ఎక్కువ తక్కువలను సమర్థించేవారికి ఇవేవీ గుర్తుకు రావు, పొడవటం ఒక్కటే గుర్తుకు వస్తుంది. షెల్డెరప్ ఎబ్బె సైతం ఈ పొరపాటుకు లోనయ్యాడు. పెరట్లో చూసిన దాన్ని పట్టుకొని, నిరంకుశత్వమే సమస్త జీవానికీ మూలసూత్రమని చెప్పేదాకా పోయాడు. ఆయన కళ్ళు చూసినది సత్యం. చూసిన దానికి ఆయన కట్టిన అర్థం మాత్రం ఆయన పుట్టి పెరిగిన సమాజానిది.

మనవాళ్ళు కోళ్ళమీద కట్టిన అర్థం చూడండి. మనకు కుక్కుట శాస్త్రమని ఒకటి ఉన్నది. సంక్రాంతి వచ్చిందంటే గోదావరి, కృష్ణా జిల్లాల్లో చదువుకున్నవాళ్ళు సైతం దాన్ని తిరగేస్తారు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ. ఏ రంగు పుంజు ఏ రోజున ఏ రంగు పుంజుమీద గెలుస్తుందో, పందెగాడి పేరుకు ఏ నక్షత్రం పనికివస్తుందో అంతా అందులో ఉంటుంది. మనిషి కోడికి కూడా జాతీ జాతకమూ రాశాడు. పుంజుకు ఎదుటి పుంజు కాకి అనీ డేగ అనీ తెలియదు. ఎదురుగా ఉన్నది ఎవరన్నదే దానికి కావాలి. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన కోడిపోరును తెలుగువాళ్ళు మరిచిపోలేదు. పుంజు ఓడిన పాపానికి బ్రహ్మనాయుడి పక్షంవాళ్ళు ఏడేళ్ళు వలస పోయారు. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూచోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు కూడా ఆ బ్రహ్మనాయుడి పేరుతోనే నిలిచింది. ఒకే కథలో రెండూ ఉన్నాయి. కోడిపందెం మనకు ఏటేటా పండగ అయింది. చాపకూడు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అయింది.

ఇక్కడితో ఆపితే మా సహాధ్యాపకుల మీద నేను గెలిచినట్టే. కాని కోడికి తోటి కోడే కాక, పెంచే మనిషి కూడా తెలుసు. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి నా గెలుపు నిలవదు.

మనిషికీ కోడికీ పరిచయం పాతది. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలు, ఇప్పటిదాకా తెలిసినంతలో మొదటి పెంపుడు కోళ్ళవని, దాదాపు 3500 ఏళ్ళ కిందటివని పరిశోధకులు 2022లో ప్రకటించారు. వరీ చిరుధాన్యాలూ పండించేచోట రాలిన గింజలకోసం అడవికోళ్ళు మనిషి ఇంటి దగ్గరికి చేరి ఉంటాయని వారి ఊహ. గింజకోసం వచ్చిన కోడి గింజ చల్లే చేతిని గుర్తుపెట్టుకున్నది. మనుషుల్లో ఒకరిని ఇంకొకరి నుంచి వేరుచేసి కోళ్ళు గుర్తుపట్టగలవని పరీక్షలు కూడా జరిగాయి. పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకు ఆ పరీక్షలు అక్కర్లేదు.

దివిసీమలో మా ఇంట్లో కోళ్ళు మా అమ్మవి అనేవాళ్ళం. నిజానికి వాటిని చూసినది వేరొక మనిషి. మా చావిడి ఊడ్చి, పేడ ఎత్తి, పెరడు శుభ్రం చేయటానికి పేటనుంచి వచ్చేది. పొద్దున్నే గంప ఎత్తేదీ, సాయంత్రం లెక్కపెట్టి మూసేదీ ఆమే. పొదగేసిన గుడ్లలో ఏది మురిగిందో దీపం వెలుగున పట్టి చూసి చెప్పేది. పెరటి తలుపు దగ్గర ఆమె “బో బో” అనటం తడవు, మా అమ్మ చల్లిన నూకలు వదిలేసి సైతం కోళ్ళు ఆమె కాళ్ళచుట్టూ చేరేవి. ఆమె టీ గ్లాసు పెరటి గోడమీద బోర్లించి ఉండేది. తానే కడుక్కొని పట్టుకుంటే మా అమ్మ పైనుంచి పోసేది. ఆమె కాళ్ళ మధ్యనుంచి కోళ్ళు మా వంటింట్లోకి దూరేవి. కోడి లోపలికి వస్తే “హుష్” అనేవాళ్ళం. ఆమె వస్తే ఏమనేవాళ్ళమో నాకు తెలియదు. ఆమె ఎన్నడూ రాలేదు.

1998లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆమె వరసగా మూడు రోజులు పనికి రాలేదు. సందెవేళ కోళ్ళు గూటికి పోకుండా పెరటి తలుపు దగ్గర తచ్చాడుతున్నాయి. మా అమ్మ, “కోళ్ళు దానికోసం చూస్తున్నాయిరా” అన్నది. ఆ మాట వినేదాకా ఆమె రాలేదన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. నాలుగోనాడు మా అమ్మ నన్ను కనుక్కొని రమ్మన్నది. నేను పేట మొదట్లో రోడ్డుమీద నిలబడి ఆమెను పేరు పెట్టి కేకేశాను. మా అమ్మకన్నా పెద్దదైన మనిషిని తొమ్మిదేళ్ళవాణ్ణి పేరు పెట్టి పిలవటంలో తప్పున్నదని నాకు ఎవరూ చెప్పలేదు. లోపలికి పోకూడదని కూడా ఎవరూ చెప్పలేదు, కాని అది నాకు తెలుసు. రెండు మూడు కేకల తరవాత ఆమె గోడ పట్టుకొని బయటికి వచ్చింది. ఒళ్ళు కాలిపోయే జ్వరమని చూస్తేనే తెలుస్తున్నది. “అమ్మగోరు కోప్పడుతున్నారా బాబూ?” అని అడిగింది. ఆ తరవాత, “కుంటిపెట్టను విడిగా మూయమని చెప్పు బాబూ. లేకపోతే మిగతావి పొడిచేస్తాయి” అన్నది.

గుర్తుపట్టటానికి కోడి అడుగు దూరందాకా వస్తుందని పైన రాశాను. నేను రోడ్డుమీదనే నిలబడ్డాను.

ఆమె మంచంలో ఉండి కూడా పొడిచే వరసలో అట్టడుగున ఉన్న ప్రాణిని తలుచుకున్నది. ఆ వరస ఎట్లా నడుస్తుందో ఆమెకు తెలుసు. దానికి ఒక్క రాత్రి అయినా అడ్డుపడవచ్చునని కూడా తెలుసు. నా దృష్టిలో మనిషితనమంటే ఇదే. వరస ప్రకృతి సిద్ధమే కావచ్చు, గంప మాత్రం మనిషి అల్లినది. ఒక పెట్టను విడిగా మూయాలా వద్దా అన్నది ప్రకృతి తేల్చదు, మనిషి తేల్చవలసిందే.

పరిచయం ఉంటే చాలు, అన్యాయం దానంతట అదే పోతుందని కొందరు అంటారు. నేను అనలేను. ప్రతి పెట్టా మా అమ్మకు విడివిడిగా తెలుసు, చుట్టం వస్తే అందులో ఒకదాన్ని కోయించేది. ఆ మనిషి మాకు ఇరవై ఏళ్ళు తెలుసు, గ్లాసు గోడమీదనే ఉన్నది. తెలిసి ఉండటం వల్ల బాకీ పుడుతుంది. ఆ బాకీని తీర్చటమా ఎగవేయటమా అన్నది మళ్ళీ మన ఇష్టమే. తెలిసిన ముఖం ఎదురుగా ఉన్నంతకాలం ఎగవేసినవాడికి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది. అందుకనే ముఖాలు కనపడకుండా చేసే ఏర్పాట్లమీద లోకానికి అంత మోజు. గుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసలో ఉన్నది. అక్కడ వేలకొద్దీ పెట్టలు ఇనప బోనుల్లో ఉంటాయి. ఒక్కొక్కదానికి నేను ఈ వ్యాసం రాస్తున్న కాగితమంత చోటు కూడా ఉండదు. మంద పెద్దదైపోతే కోడికి ఇంకొక కోడిని విడిగా జ్ఞాపకం పెట్టుకోవటం కుదరదని పరిశోధకులే చెబుతున్నారు. అక్కడ కోడికి కోడి తెలియదు, మనిషికి కోడి తెలియదు. గుడ్డు తినేవాడికి ఎవరూ తెలియదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఇట్లాంటి వట్టి బోనులను 2012 నుంచి నిషేధించారు. మన దగ్గర ఇది ఇంకా ధరవరల విషయంగానే ఉన్నది.

కిందటి సంక్రాంతికి ఊరు వెళ్ళాను. ఆమె ఇప్పుడు పనికి రావటం లేదు, కోడలు వస్తున్నది. గోడమీద గ్లాసు లేదు. నాకు సంతోషం కలిగింది. మర్నాడు మా అమ్మ ఆ కోడలికి టీ ఇస్తుంటే చూశాను. కాగితపు కప్పులో ఇచ్చింది. మేము గ్లాసుల్లో తాగాం. మా అమ్మకు ఇందులో తేడా కనిపించలేదు. “కప్పు పారేస్తే సరి, కడిగే పని లేదు” అన్నది. కాలంతోపాటు గ్లాసు పోయింది, దాని పని మాత్రం కప్పు చేసిపెడుతున్నది.

ఆ సాయంత్రం పేటలోకి వెళ్ళాను, ఈసారి గుమ్మందాకా. మన పల్లెల్లో వరస అంటే పొడిచే వరస కాదు. అత్తా, మామా, బాబాయ్, పిన్నీ అని రక్తసంబంధం లేనివాళ్ళను కూడా కలుపుకునే మాట అది. మా ఊళ్ళో మంగలి మామయ్య ఉన్నాడు, చాకలి అత్త ఉన్నది. ఆమెకు మాత్రం ఏ వరసా లేదు. ఎదురుగా నిలబడ్డాక నాలుకమీదికి మొదట ఆ పాత పేరే వచ్చింది. మింగేసి, “పిన్నీ, బాగున్నారా?” అన్నాను. ఆమె మొదట కంగారుపడింది. దగ్గరికి వచ్చి ముఖంలోకి చూసి, ఎవరి అబ్బాయినో పోల్చుకున్నది. మా కోళ్ళు ఎన్ని ఉన్నాయని అడిగింది. నేను లెక్క చెప్పలేకపోయాను.

ఒక్క పిలుపుతో ఆ బాకీ తీరిందనుకునేంత అమాయకత్వం నాకు లేదు. గ్లాసుల దగ్గరా, పొలం పత్రాల దగ్గరా, పెళ్ళి సంబంధాల దగ్గరా తీరవలసిన బాకీ అది. మా సహాధ్యాపకులకు మాత్రం ఇప్పుడు జవాబు చెప్పగలను. మాస్టారూ, మీ కోళ్ళ సాక్ష్యాన్ని నేను ఒప్పుకుంటున్నాను. తన పెరట్లోని ప్రతి ముఖాన్నీ దగ్గరికి వచ్చి చూసిన తరవాత గాని కోడి కోడిని పొడవదు. మనం అట్లా ఎవరి దగ్గరికి వెళ్ళామో, ఎవరి ముఖం చూశామో ముందు చెప్పుకుందాం. ప్రకృతి సంగతి తరవాత మాట్లాడుకోవచ్చు.